పూత మీదున్న చామంతికి గ్రో లైట్లు ఎలా మార్చాలి

నేల గడ్డకట్టే చలి దేశాల్లో ఉంటూ, బేస్‌మెంటులోనో ఖాళీగా ఉన్న గదిలోనో గ్రో టెంటు (దీపాల కింద మొక్కలు పెంచే, బయటి వెలుతురు చొరని గుడారం) వేసి, సంక్రాంతి నాటికి దేవుడి పటానికీ గుమ్మానికీ సరిపడా చామంతి పూయించుకునే తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. ఎనిమిది, తొమ్మిది వారాల్లో పూసే రకాన్ని నవంబరు మొదటి వారంలో పొట్టి పగళ్లకు, అంటే రోజుకు పన్నెండు గంటలకు మించని వెలుతురుకు, మారిస్తే జనవరి రెండో వారానికి పూలు విచ్చుకుంటాయి. ఈ రెంటి నడుమ, సాధారణంగా డిసెంబరులో, పాత సోడియం దీపం మసకబారడమో, బ్యాలస్ట్ (ఆ దీపానికి కరెంటును సర్ది ఇచ్చే పెట్టె) కాలిపోవడమో, కరెంటు బిల్లు చూసి ఎల్‌ఈడీకి మారదామన్న ఆలోచన రావడమో జరుగుతుంది. అప్పటికి మొక్క నిండా మొగ్గలుంటాయి. దీపం మార్చాలి, మొగ్గ చెడకూడదు.

ఈ పనిలో అన్నిటికన్నా ముందు మనసులో నిలుపుకోవలసినది ఒకటుంది. ఒకటి రెండు రోజులు వెలుతురు తగ్గితే చామంతి తట్టుకుంటుంది, రాత్రి చెడితే తట్టుకోదు. దీపం మార్చేవారు సాధారణంగా వెలుతురు ఎంత పడుతోందన్న దాని మీదే దృష్టి పెట్టి, పని ఆలస్యమైతే ఆ రోజు దీపాన్ని మరో రెండు గంటలు అదనంగా వెలిగించి లోటు భర్తీ చేశామనుకుంటారు. చామంతి విషయంలో అది మేలు కాదు, హాని.

ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి. పూత పగటి నిడివిని బట్టి వస్తుందని అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ 1920లో వెల్లడించారు. ఎంత ఎత్తు పెరిగినా వేసవిలో పూయని మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం వారికి ఆ దారి చూపింది. మొక్క నిజంగా కొలుస్తున్నది పగటిని కాదు, ఎడతెగని రాత్రిని అని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. రాత్రి మధ్యలో కాసేపు ఎర్ర కాంతి పడితే, చామంతి వంటి పొట్టి పగటి మొక్క దాన్ని ఒక పొడవైన రాత్రిగా లెక్కించదు. ఆకులో ఈ లెక్క చూసే వర్ణకమే ఫైటోక్రోమ్. 660 నానోమీటర్ల దగ్గరి ఎరుపుకు అది అన్నిటికన్నా చురుగ్గా స్పందిస్తుంది. మనం వాడే గ్రో ఎల్‌ఈడీల్లో ప్రత్యేకంగా అమర్చే ఎర్ర చిప్‌లు సరిగ్గా ఆ కాంతినే ఇస్తాయి.

హోసూరు, బెంగళూరు చుట్టుపక్కల పాలీహౌసు రైతులు ఇదే సూత్రాన్ని తమకు అనుకూలంగా వాడుకుంటారు. నారు నాటిన తొలి వారాల్లో మొక్క ఎత్తు పెరగాలి కాబట్టి, అర్ధరాత్రి వేళ కొన్ని గంటలు బల్బులు వేసి పూత రాకుండా ఆపుతారు. కాడ తగినంత ఎదిగాక బల్బులు ఆపేస్తారు, మొగ్గ పడుతుంది. పూతను ఆపడానికి సుమారు 100 లక్సుల వెలుతురు చాలు. బేస్‌మెంటు మెట్ల మీది మామూలు బల్బు కింద నిలబడితే మీ చేతి మీద పడేది దాదాపు అంతే. దీన్ని బట్టి టెంటు తలుపు తెరిచి రాత్రిపూట దీపం బిగించడం ఎంత ప్రమాదమో ఊహించవచ్చు.

ఇప్పుడే మార్చాలా, ఆగాలా

దీపం ఇంకా వెలుగుతూ ఉంటే, మార్చే రోజు మీ చేతుల్లోనే ఉంటుంది. అప్పుడు మొక్క ఏ దశలో ఉందో చూసి నిర్ణయించాలి.

పొట్టి పగళ్లు మొదలైన తొలి మూడు వారాలు అతి సున్నితమైనవి. కొమ్మ కొన ఆకును మాని మొగ్గగా మారేది అప్పుడే. ఆ రోజుల్లో వరుసగా కొన్ని రాత్రులు చెడితే మొగ్గ పుట్టి కూడా ఎదగక ఆగిపోతుంది, దాని కింద సన్నని పట్టీల వంటి ఆకులు వస్తాయి, పక్క నుంచి కొత్త చిగుళ్లు లేచి మొగ్గను దాటి పోతాయి. ఆ కొమ్మకు ఇక పండుగ నాటికి పూవు రాదు. అందువల్ల దీపం పూర్తిగా పాడైతే తప్ప ఈ మూడు వారాల్లో మార్చవద్దని నా సలహా.

మొగ్గ బఠాణీ గింజంత అయ్యాక ప్రమాదం కొంత తగ్గుతుంది. మొగ్గ కొసన రేకు రంగు కనిపించిన తర్వాత రాత్రి నిడివి మీద ఆధారపడటం దాదాపు తీరిపోతుంది. వాణిజ్యపరంగా పెంచేవారు కూడా ఆ దశలో రాత్రిని పొడిగించేందుకు నల్లగుడ్డ కప్పడం మానేస్తారు. కాబట్టి ఆగగలిగితే రంగు తేలేదాకా ఆగండి. అయితే రంగు తేలిన తర్వాత రేకులు వేడికీ, తీవ్రమైన కాంతికీ, తేమకూ త్వరగా పాడవుతాయి. అప్పుడు జాగ్రత్త రాత్రి మీద నుంచి రేకు మీదకు మళ్లుతుంది.

మొక్కలున్న గదిలో కొత్త దీపాన్ని మొదటిసారి వెలిగించవద్దు

కొత్త ఎల్‌ఈడీ రాగానే పెట్టె విప్పి, మొక్కలు లేని మరో గదిలో ఒక పూర్తి పగలు, అంటే పదకొండు, పన్నెండు గంటలు వెలిగించి ఉంచండి. డ్రైవర్‌లో (ఎల్‌ఈడీకి కరెంటును సర్ది ఇచ్చే పెట్టెలో) లోపాలుంటే చాలావరకు తొలి గంటల్లోనే బయటపడతాయి: మినుకుమనడం, ఒక వరుస చిప్‌లు వెలగకపోవడం, డ్రైవర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కడం, కాలిన వాసన. మీరు వాడబోయే టైమర్‌తోనే వెలిగించి, ఆర్పి చూడండి. ఎల్‌ఈడీ డ్రైవర్ వెలిగిన తొలి క్షణంలో, అది మామూలుగా తీసుకునే దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. చవక టైమర్లలో లోపలి కాంటాక్టులు ఆ తాకిడికి అతుక్కుపోయి, ఆఫ్ అయినట్టు చూపిస్తూనే దీపాన్ని వెలుగుతూ వదిలేయడం ఉంది. చామంతికి అంతకు మించిన నష్టం లేదు. టైమర్ మీద రాసి ఉన్న ఆంపియర్ల పరిమితి చూసి, మీ దీపాల మొత్తానికి బాగా ఎక్కువ ఉన్నదే కొనండి.

ఆర్పిన తర్వాత గదిని పూర్తిగా చీకటి చేసి, పది నిమిషాలు కళ్లు అలవాటు పడనిచ్చి, ప్యానెల్ వైపు చూడండి. కొన్ని ఎల్‌ఈడీలు ఆరిపోయాక కూడా మిణుగురులంత మసకగా వెలుగుతూ ఉంటాయి. టైమర్ ఫేజ్‌కు బదులు న్యూట్రల్‌ను తెంచుతున్నప్పుడు ఇది తరచుగా కనిపిస్తుంది. కారణం ఏదైనా, అలా మెరిసే దీపాన్ని పూత మీదున్న మొక్కల పైకి తీసుకెళ్లకండి. రెండు తీగలనూ తెంచే టైమర్ వాడితే సాధారణంగా పోతుంది, పోకపోతే దీపాన్ని మార్చి తెచ్చుకోవాలి.

పాత వెలుతురును కొలిచి రాసిపెట్టుకోవాలి

దీపం మార్చే ముందురోజు ఈ పని చేయండి. చాలామంది దీన్ని దాటేస్తారు గానీ, నా దృష్టిలో మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టవలసినది దీనికే. మొక్కకు వాట్లు తెలియవు. ఆకు మీద సెకనుకు పడే కాంతి కణాలే దానికి తెలుసు. ఆ లెక్కను చదరపు మీటరుకు సెకనుకు ఇన్ని మైక్రోమోల్‌లని చెబుతారు. చామంతి బాగా పూయడానికి పన్నెండు గంటల పగటిలో సుమారు 300 మైక్రోమోల్‌లు సరిపోతాయి. రోజు మొత్తానికి చదరపు మీటరుకు దాదాపు 13 మోల్‌లు వస్తాయి.

దగ్గర పీఏఆర్ మీటరు (ఆ కాంతి కణాలను కొలిచే పరికరం) ఉంటే టెంటు అడుగును తొమ్మిది గడులుగా ఊహించుకుని, ఒక్కొక్క గడిలో మొక్క పైకొమ్మల ఎత్తున మీటరు పెట్టి తొమ్మిది అంకెలూ కాగితం మీద అదే అమరికలో రాసుకోండి. దీపం నుంచి కొమ్మల కొసల దాకా ఎంత దూరముందో కూడా టేపుతో కొలిచి రాయండి.

పీఏఆర్ మీటరు ఖరీదైనది కనుక చాలా ఇళ్లలో లక్సు మీటరే ఉంటుంది. దానితోనూ పని అవుతుంది, కానీ ఒక మెలిక ఉంది. లక్సు మనిషి కంటికి సంబంధించిన కొలత. సోడియం దీపపు పసుపు కాంతి మన కంటికి ప్రకాశంగా తోస్తుంది కాబట్టి, ఆ దీపం కింద సుమారు 82 లక్సులు ఒక మైక్రోమోల్‌కు సమానం. తెల్లని ఎల్‌ఈడీ కింద సుమారు 65 నుంచి 70 లక్సులే ఒక మైక్రోమోల్. పాత దీపం కింద మీటరు 24,600 లక్సులు చూపిందంటే మొక్కకు అందుతున్నది 300 మైక్రోమోల్‌లు. కొత్త ఎల్‌ఈడీ కింద అదే 24,600 తెచ్చుకుంటే దాదాపు 360, అంటే అయిదో వంతు అదనంగా, పడుతుంది. అక్కడ మీరు తెచ్చుకోవలసినది సుమారు 20,000 లక్సులు. ఊదా రంగులో వెలిగే, ఎరుపు, నీలం చిప్‌లు మాత్రమే ఉన్న ప్యానెళ్లకు లక్సు మీటరు ఏ మాత్రం పనికిరాదు. వాటిని కొనవద్దనే చెబుతాను, ఎందుకంటే ఆ కాంతిలో ఆకు పాలిపోయిందో, పురుగు పట్టిందో కంటికి తెలియదు.

ఎన్ని వాట్ల దీపం కొనాలన్నది కూడా ఈ లెక్కలోనే తేలుతుంది. నాలుగడుగుల చదరపు టెంటులో 400 వాట్ల సోడియం దీపం, కొన్నాళ్లు వాడినది, ఇంచుమించు 300 మైక్రోమోల్‌లు ఇస్తుంది. వాటుకు 2.7 మైక్రోమోల్‌లు ఇచ్చే మంచి ఎల్‌ఈడీ అయితే అదే వెలుతురు 180, 200 వాట్లలో వస్తుంది. కాబట్టి 240 వాట్లది, డిమ్మరు ఉన్నది తీసుకుని, తగ్గించి వాడుకోవడం మంచిది. అట్టపెట్టె మీద 1000 వాట్లకు సమానం వంటి మాటలు రాసి ఉంటే వాటిని పట్టించుకోకుండా, అది గోడ నుంచి నిజంగా ఎన్ని వాట్లు తీసుకుంటుందో, వాటుకు ఎన్ని మైక్రోమోల్‌లు ఇస్తుందో చూడండి.

ఏ వేళ మొదలుపెట్టాలి

మీ టెంటులో ఉదయం ఏడింటికి దీపం వెలిగి సాయంత్రం ఏడింటికి ఆరుతుందనుకుందాం. మార్చే రోజున టైమర్‌ను ఆఫ్‌లో ఉంచి, సరిగ్గా ఏడింటికి గది దీపం వేసి పని మొదలుపెట్టండి. ఆ వేళను ఎంచుకోవడంలో రెండు లాభాలున్నాయి. రాత్రంతా ఆరి ఉంది కాబట్టి సోడియం దీపపు గాజు చల్లగా ఉంటుంది, చల్లారడానికి ఎదురుచూడనక్కరలేదు. పని రెండు గంటలు అనుకుని ఆరు గంటలు పట్టినా మీరు పగటిలోనే ఉంటారు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి భోజనాల తర్వాత మొదలుపెట్టే పని కాదిది.

ఏ కారణం చేతనైనా సాయంత్రం ఏడయ్యేసరికి పని పూర్తి కాకపోతే, ఉన్నది ఉన్నట్టు వదిలి, మొక్కలకు చీకటి ఇచ్చి, గది తలుపు వేసేయండి. మిగిలినది మర్నాడు ఉదయం ఏడింటికి.

పాతది దించడం

ముందుగా కుండీలను టెంటు బయటకు తీయగలిగితే తీయండి. తీయలేకపోతే పలుచని పాత చీరో దుప్పటో కర్రల ఊతంతో మొగ్గలకు తగలకుండా పైన కప్పండి. పై నుంచి ఒక స్క్రూ జారి పడినా మొగ్గ మెడ విరుగుతుంది, విరిగిన మెడ అతకదు.

టైమర్ ఆఫ్‌లో ఉంది కదా అని ఊరుకోకుండా, గోడ నుంచి ప్లగ్గు లాగేయండి. బ్యాలస్ట్‌లోని కెపాసిటర్‌లో ప్లగ్గు తీసిన తర్వాత కూడా కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి కొన్ని నిమిషాలు ఆగండి. బ్యాలస్ట్ పెట్టె మూతను మాత్రం విప్పవద్దు. సోడియం దీపాన్ని రాజేసేందుకు లోపలి ఇగ్నైటరు వేల వోల్టుల పోటును పంపుతుంది. అందుకే ఆ హోల్డరులో నేరుగా ఎల్‌ఈడీ బల్బు బిగించే ఆలోచన ప్రమాదకరం. ఒకే రకం చుట్టుమర ఉంది కదా అని బిగిస్తే ఎల్‌ఈడీ కాలిపోవచ్చు, నిప్పు కూడా అంటుకోవచ్చు. పాత హోల్డరు, బ్యాలస్ట్, తీగ అన్నీ కలిపి దించేయడమే పద్ధతి.

దీపం గాజును పొడి గుడ్డతో పట్టుకుని విప్పి, కొత్త దీపం వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టండి. సోడియం దీపంలో కొద్దిగా పాదరసం ఉంటుంది, ట్యూబులైట్ల వంటి ఫ్లోరసెంటు దీపాల్లోనూ ఉంటుంది. చేయి జారి పగిలితే గదిలో ఉన్నవారందరినీ బయటకు పంపి, కిటికీ తెరిచి, పావుగంట ఆగిన తర్వాత ముక్కలను గట్టి అట్టతో ఎత్తి, పొడిని తడి కాగితంతోనో అంటుకునే టేపుతోనో తీసి, మూత ఉన్న సీసాలో వేయండి. వాక్యూమ్ క్లీనరు వాడితే పాదరసపు ఆవిరి గదంతా చిమ్ముతుంది. చీపురూ వద్దు.

కొత్తది వేలాడదీయడం, తీగలు సర్దడం

ఎల్‌ఈడీ ప్యానెల్ పాత రిఫ్లెక్టరుకన్నా బరువైనదో కాదో చేత్తో అంచనా వేయకుండా, పెట్టె మీది బరువు చూసి, టెంటు పైకడ్డీ మోయగల బరువుతో పోల్చుకోండి. నాలుగు మూలలా రాట్చెట్ తాళ్లతో (లాగిన చోటే జారకుండా ఆగేవాటితో) కడితే ఎత్తు సర్దడం సులువవుతుంది, ప్యానెల్ ఒక పక్కకు ఒరగదు. డ్రైవర్‌ను విడదీసే వీలుంటే టెంటు బయట పెట్టండి. దాని వేడి లోపలికి రాకపోవడమే కాదు, డ్రైవర్ మీద పచ్చగానో ఎర్రగానో వెలిగే చిన్న సూచిక కూడా బయటే ఉండిపోతుంది.

ప్రతి తీగా ప్లగ్గుకు చేరే ముందు ఒకసారి కిందకు వేలాడి మళ్లీ పైకి రావాలి. ఆకుల మీది నీరో, తేమో తీగ వెంబడి జారినా ఆ వంపు దగ్గర బొట్లుగా కింద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. పవర్ స్ట్రిప్పును నేల మీద పెట్టకుండా గోడకు కొట్టండి. మూడో పిన్ను, అంటే ఎర్తు, ఉన్న ప్లగ్గును ఎర్తు లేని అడాప్టరుతో వాడకండి. అమెరికా ఇళ్లలో 120 వోల్టుల మీద 15 ఆంపియర్ల సర్క్యూటు మొత్తం 1800 వాట్లు ఇస్తుంది గానీ, గంటల తరబడి ఆగకుండా నడిచే వాటికి అందులో 80 శాతం, అంటే 1440 వాట్లే, లెక్క వేసుకోవాలి. చలికాలంలో ఆ సర్క్యూటు మీదే 1500 వాట్ల రూమ్ హీటరు కూడా పెడితే బ్రేకరు పడిపోవచ్చు, మీరు ఇంట్లో లేని రోజున పడితే మొక్కలకు అదనపు రాత్రి వచ్చి పడుతుంది. హీటరును వేరే సర్క్యూటుకు మార్చండి.

వెలుతురును మెల్లగా పెంచడం

ప్యానెల్‌ను కొమ్మల కొసలకు అడుగున్నర నుంచి రెండడుగుల ఎత్తున కట్టి, డిమ్మరు తగ్గించి వెలిగించి, ముందురోజు రాసుకున్న తొమ్మిది చోట్లా మళ్లీ కొలవండి. మొదటి రోజు పాత అంకెలో 80 శాతం ఉండేలా చూసుకోండి. 300 ఉన్న చోట 240 అన్నమాట. రెండు మూడు రోజులకోసారి పదేసి శాతం పెంచుతూ వారం తిరిగేసరికి పాత స్థాయికి తీసుకురండి. సోడియం దీపం మధ్యలో ఎక్కువగా, మూలల్లో తక్కువగా వెలుతురు ఇచ్చి ఉంటుంది. కొత్త ప్యానెల్ పరుచుకుని ఇస్తుంది కాబట్టి, ఇన్నాళ్లూ మూలల్లో నీడన ఉన్న కుండీలకే ఎక్కువ మార్పు తగులుతుంది. సగటు సరిపోయిందని ఊరుకోకుండా మూలల అంకెలను విడిగా చూడమనడం అందుకే.

వెలుతురు ఎక్కువైతే పై ఆకుల అంచులు పైకి ముడుచుకుంటాయి, ఈనెల మధ్య రంగు పాలిపోతుంది, రంగు తేలిన మొగ్గల్లో ఎరుపు, ఊదా రకాల రేకు కొసలు వెలిసిపోతాయి. ఇవి కనిపించగానే దీపాన్ని అర అడుగు పైకి లేపండి. వెలిసిన రేకు మళ్లీ రంగు తెచ్చుకోదు గానీ, తర్వాత విచ్చుకునే వరుసలు బాగానే వస్తాయి. తొలి రోజున ఆకులు ఉన్నట్టుండి పచ్చదనం తగ్గినట్టు కనిపిస్తే కంగారు పడకండి. పసుపు కాంతిలో ఇన్నాళ్లూ కనపడనిది తెల్లని కాంతిలో కనిపిస్తుండవచ్చు. ముందురోజు కుండీని ఒకసారి బయటకు తెచ్చి పగటి వెలుతురులో ఫోటో తీసి ఉంచుకుంటే ఈ అనుమానం తీరుతుంది.

ఆ రాత్రి చేయవలసిన పరీక్ష

కొత్త దీపం పెట్టిన మొదటి రాత్రి టైమర్ ఆర్పే వేళకు మీరు అక్కడే ఉండండి. దీపం ఆరగానే టెంటు లోపల కూర్చుని, లోపలి నుంచి జిప్పు మూసి, పది నిమిషాలు చూడండి. పాత తీగలు తీసిన రంధ్రాల నుంచి, కొత్త తీగల కోసం వదిలిన గొట్టాల నుంచి, జిప్పు కుట్ల నుంచి వెలుతురు వస్తుంటే నల్లటేపు అంటించండి. గాలి వచ్చే రంధ్రాలను మూయకుండా, వాటికి వంపు తిరిగిన నల్ల గొట్టం తగిలించండి. ఫ్యాను, తేమ యంత్రం, పవర్ స్ట్రిప్పు మీద వెలిగే చుక్క దీపాలన్నిటినీ టేపుతో కప్పండి. ఈ పరీక్షకు ఫోన్ టార్చి వేయకండి. తప్పనిసరైతే మసక ఆకుపచ్చ దీపాన్ని ఒక్క నిమిషం వాడవచ్చు. ఆకుపచ్చ కాంతి పూర్తిగా నిరపాయకరమేమీ కాదు, ఎరుపు, తెలుపు కన్నా తక్కువ హాని చేస్తుంది, అంతే.

టైమర్‌లో గడియారం సరిగ్గా ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. ప్లగ్గు లాగినప్పుడు ముల్లు తిరిగే టైమర్లు ఆగిపోతాయి. ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా ప్లగ్గు బయట ఉంటే టైమర్ నాలుగు గంటలు వెనకబడి, సాయంత్రం ఏడుకు బదులు రాత్రి పదకొండుకు దీపం ఆర్పుతుంది. ఒకటి రెండు రాత్రులు గమనించకపోతే మీరు ఇంత జాగ్రత్తగా చేసిన పనంతా వృథా అవుతుంది.

తర్వాతి వారమంతా వేడి, నీరు, తేమ

దీపం మారిందంటే గది వాతావరణం కూడా మారిందని అర్థం. 400 వాట్ల దీపం తీసి 200 వాట్లది పెట్టినప్పుడు టెంటులో సగానికి సగం వేడి తగ్గిపోతుంది. పైగా సోడియం దీపం పరారుణ కాంతితో ఆకును నేరుగా వేడి చేస్తుంది, ఎల్‌ఈడీ చాలా తక్కువగా చేస్తుంది. గాలి ఉష్ణోగ్రత అంతే ఉన్నా ఆకు ఒకటి రెండు డిగ్రీలు చల్లబడుతుంది. చామంతికి రాత్రి 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ బాగా సరిపోతుంది. అంతకన్నా బాగా చల్లబడితే మొగ్గ ఎదుగుదల మందగించి పండుగ దాటిపోతుంది, తెల్ల రకాల రేకులకు గులాబీ చాయ వస్తుంది. కనుక పగటిపూట గాలి ఉష్ణోగ్రతను ఒకటి రెండు డిగ్రీలు పెంచి చూడండి. అలాగని హీటరును మితిమీరి నడపవద్దు. రాత్రి వేడి 30 డిగ్రీల వైపు వెళ్తే చామంతి పూత ఆలస్యమవుతుంది.

నీళ్ల విషయంలో అలవాటును పక్కన పెట్టాలి. ఆకు చల్లబడితే మొక్క తక్కువ నీరు లాగుతుంది. రెండు రోజులకోసారి పోసేవారు అదే లెక్కన పోస్తూ పోతే వేర్లు కుళ్లుతాయి. కుండీని ఎత్తి బరువు చూసి, తేలికైనప్పుడే పోయండి, పోసిన నీరు పళ్లెంలో నిలవనివ్వకండి. మొగ్గకు రంగు తేలిన తర్వాత ఎరువు నీళ్లు కూడా బాగా తగ్గించవచ్చు.

తేమ గురించి మాత్రం గట్టిగా హెచ్చరించాలి. వేడి దీపం ఇన్నాళ్లూ గాలిని ఆరబెడుతూ వచ్చింది. అది పోగానే, ముఖ్యంగా దీపం ఆరిన తర్వాత, టెంటులో తేమ పైకి పోయి, దట్టమైన రేకుల మధ్య నీటి చెమ్మ నిలుస్తుంది. బూడిద రంగు బూజు పట్టేది అలాంటి చోటే. విచ్చుకున్న పూవు మధ్యలో గోధుమ రంగు మచ్చగా మొదలై రెండు మూడు రోజుల్లో పూవంతా పాకుతుంది. తేమ కొలిచే మీటరు పెట్టి, 70 శాతం దాటకుండా చూడండి. ఫ్యాను రాత్రి కూడా నడవాలి. గాలి పూల మీదకు సూటిగా కొట్టకుండా, కింది ఆకుల మధ్యగా పోయేలా పెట్టండి. బూజు కనిపించిన పూవును వెంటనే తుంచి, సంచిలో వేసి, టెంటు బయటకు తీసుకెళ్లండి.

దీపం హఠాత్తుగా పోతే

కొత్తది ఇంకా రాలేదు, పాతది వెలగడం లేదు. అప్పుడు కుండీలను దక్షిణం వైపు కిటికీ దగ్గరకు చేర్చండి. డిసెంబరులో ఉత్తర అమెరికాలో చాలాచోట్ల పగలు తొమ్మిది, పది గంటలే కాబట్టి పూతకు అడ్డేమీ లేదు. వెలుతురు తక్కువైనా నాలుగైదు రోజులు నెట్టుకురావచ్చు. అయితే సాయంత్రం హాల్లో దీపాలు వేసే ముందే కుండీల మీద పెద్ద అట్టపెట్టె బోర్లించండి, లేదా కిటికీ లేని చీకటి గదిలోకి మార్చండి. ఉదయం మళ్లీ పాత వేళకే వెలుతురులోకి తెండి. వీధి దీపం కిటికీలోంచి పడుతుంటే అట్టపెట్టె తప్పనిసరి. కిటికీ అద్దానికి ఆకులు ఆనకుండా జానెడు దూరం ఉంచండి, రాత్రి అద్దం పక్కన చలి గదిలో కన్నా చాలా ఎక్కువగా ఉంటుంది.

పాత దీపం ఇంకా వెలుగుతూ ఉంటే పూలు కోసేదాకా దాన్ని, దాని బ్యాలస్ట్‌నూ పొడిగా ఒక మూల భద్రపరచండి. కొత్త డ్రైవర్ మధ్యలో మొరాయిస్తే అదే ఆదుకుంటుంది. తర్వాత పారేసేటప్పుడు మామూలు చెత్తలో వేయకండి. అమెరికాలో కౌంటీలు ఇళ్లలోని ప్రమాదకర వ్యర్థాలను ప్రత్యేకంగా తీసుకుంటాయి, పాదరసమున్న దీపాలు అక్కడికే చేరాలి. భారతదేశంలో ఈ పద్ధతిలో పెంచేవారు వాటిని ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రాలకు ఇవ్వాలి.